తేనె పోటీలో గెలిచేది ఎవరు?

ఇంగ్లండులో తేనె పోటీ చూడడానికి మొదటిసారి వచ్చిన తెలుగువాళ్ళు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: న్యాయనిర్ణేత ఇంకా రుచి చూడడేమిటి? తెల్లకోటు వేసుకుని, తెల్లటోపీ పెట్టుకున్న పెద్దమనిషి పొడవాటి బల్ల ముందు నిలబడి ఒక్కొక్క సీసానూ ఎత్తి అడుగు చూస్తాడు, మూత అంచును తడుముతాడు, టార్చిలైటు వేసి గాజులోంచి లోపలికి తొంగి చూస్తాడు, సీసాను ఒక్కసారిగా తిప్పి గాలిబుడగ ఎంత నెమ్మదిగా పైకి లేస్తుందో గమనిస్తాడు. ఇంత జరిగినా రుచి చూసే ప్రసక్తే రాదు. ఆవకాయ పోటీ పెట్టి, జాడీ మూతనూ పైన తేలిన నూనెనూ చూసి, ముక్క కొరకకుండానే సగం జాడీలను పక్కన పెట్టేస్తే మన ఇళ్ళలో ఎంత గొడవ జరుగుతుందో ఊహించుకోవచ్చు.

నేను దక్షిణ ఇంగ్లండులోని ఒక తేనెటీగల పెంపకందార్ల సంఘంలో కొన్నేళ్ళుగా సభ్యత్వం ఉన్నవాణ్ణి. సంఘం వార్షిక పోటీలో న్యాయనిర్ణేత పక్కన సహాయకుడిగా నిలబడి, మూతలు విప్పి ఇవ్వడం, ఫలితాలు రాసుకోవడం వంటి పనులు చేస్తూ ఉంటాను. ఆ బల్ల దగ్గర నిలబడ్డ అనుభవంతో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ పోటీలో మార్కులు తేనెటీగకు పడవు, పువ్వుకూ పడవు. ఈగలు పట్టు కట్టిన చెక్క చట్రం తేనెతో నిండి పెట్టెలోంచి బయటికి వచ్చినప్పటి నుంచి సీసా బల్లమీదికి చేరేదాకా మనిషి చేయి ఆ తేనెను ఏమి చేసింది, ఏమి చేయకుండా ఆగింది అన్నదానికే పడతాయి. చాదస్తంగా కనిపించే నిబంధనలన్నీ ఈ కోణం నుంచి చూస్తే అర్థమవుతాయి. అన్నీ సమర్థనీయమైనవే అని మాత్రం నేను అనను.

సంఘం అంటే పెద్ద వ్యవస్థ ఏమీ కాదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, నర్సులు, ప్లంబర్లు, సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, తోటపని పిచ్చి ఉన్నవాళ్ళు కలిసి నడుపుకొనేది. ఎక్కువమందికి పెరట్లోనో, ఎవరో దయతలచి ఇచ్చిన పొలం మూలలోనో నాలుగైదు పెట్టెలకు మించి ఉండవు. చలికాలంలో చర్చి హాలులోనో గ్రామ మందిరంలోనో పాఠాలు, టీ, బిస్కెట్లు, లక్కీడ్రా ఉంటాయి. వసంతం రాగానే సంఘం సొంత పెట్టెల దగ్గర కొత్తవాళ్ళకు చట్రాలు ఎత్తి చూపించడం మొదలవుతుంది. తేనె తీసే యంత్రం ఖరీదైనది, ఏడాదికి ఒకటి రెండు రోజులే పనికొచ్చేది కాబట్టి దాన్ని సంఘమే కొని వంతులవారీగా అరువిస్తుంది. మే, జూన్ నెలల్లో ఎవరి చెట్టుకో, పొగగొట్టానికో ఈగల గుంపు వచ్చి వాలితే, ఆ ఇంటివాళ్ళు ఫోను చేసేదీ సంఘంవాళ్ళకే. పిచ్చుకగూడు లాంటిదేదో చూసి తేనెపట్టు అనుకుని కంగారుపడి పిలిచేవాళ్ళూ ఉంటారు, అది వేరే కథ.

ఈ సంఘాలన్నిటికీ పైన ఉన్న బ్రిటిష్ బీకీపర్స్ అసోసియేషన్ 1874లో ఏర్పడింది. అంతకు ముందు సంవత్సరమే చార్లెస్ నాష్ అబట్ అనే ఆయన బ్రిటిష్ బీ జర్నల్ పత్రికను మొదలుపెట్టాడు. ఆ కాలపు పరిస్థితి తెలియకపోతే టార్చిలైటు సంగతి అర్థం కాదు. అప్పటికి పల్లెల్లో కూలివాళ్ళు గడ్డితో అల్లిన బోర్లించిన బుట్టల్లో ఈగలను పెంచేవారు. శరదృతువు రాగానే బరువైన బుట్టలను ఎంచి, గోతిలో గంధకం వెలిగించి, దానిమీద బుట్ట పెట్టి ఈగలన్నిటినీ చంపి, పట్టును పిండి తేనె తీసేవారు. ఆ తేనెలో పుప్పొడీ, మైనపు ముక్కలూ, పిల్లపురుగుల రసమూ కలిసి వచ్చేవి. పేద కూలి కుటుంబాల ఆదాయం పెంచడమూ, తేనెటీగ పట్ల దయ చూపించడమూ అన్న రెండు లక్ష్యాలను ఆ అసోసియేషన్ మొదట్లోనే రాసుకుంది.

అప్పటికే ఆ రెంటికీ దారి చూపించే సాధనాలు వచ్చాయి. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1851లో కదిలే చట్రాల పెట్టెను రూపొందించాడు. 1857లో జర్మనీలో మెరింగ్, ఈగలు పట్టు కట్టుకోవడానికి వీలుగా మైనపు పలకలమీద అరల ముద్ర వేసే పద్ధతిని కనిపెట్టాడు. 1865లో హ్రుష్కా గిరగిరా తిప్పి తేనెను చిమ్మించే యంత్రాన్ని చూపించాడు. చట్రం బయటికి తీసి, మైనపు మూతలు కోసి, యంత్రంలో తిప్పితే ఈగ చావదు, పట్టు పాడవదు, తేనె తేటగా వస్తుంది. ఆ సంగతి ఉపన్యాసాలతో జనానికి ఎక్కదు, కళ్ళకు చూపించాలి. అందుకే అసోసియేషన్ పుట్టిన సంవత్సరమే లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శన పెట్టింది. ఆ రోజుల్లో బుట్టలోంచి ఈగలను చంపకుండా మరో బుట్టలోకి ఎక్కించే పందేలు కూడా జరిగేవి. కింది బుట్ట పక్కలను రెండు చేతులతో లయగా తడుతూ ఉంటే ఈగలన్నీ బారుగా పై బుట్టలోకి నడిచి వెళ్తాయి. ఎవరు ముందుగా ఎక్కించి రాణి ఈగను పట్టి చూపిస్తారన్నది పందెం. ఆ పందేలు పోయినందుకు నాకు నిజంగా విచారమే.

పందేలు పోయాయి గాని, సీసా మిగిలింది. గాజు సీసాలో తేటగా మెరిసే తేనె అంటే ఆ కాలంలో అది పిండిన తేనె కాదనడానికి నిదర్శనం, ఈగలను చంపకుండా తీసినదనడానికి నిదర్శనం. చూసేవాడికి ఒక్క చూపులో కొత్త పద్ధతి పాత పద్ధతి కంటే మేలని తెలిసేది. నూట యాభై ఏళ్ళ తరువాత పిండిన తేనె ఎవరూ తేకపోయినా, ఆ తేటదనం కోసం వెతుకులాట మాత్రం అలాగే నిలబడిపోయిందని నా అనుమానం.

ఇప్పుడు సీసా దగ్గరకు వద్దాం. ద్రవ తేనె విభాగాల్లో సాధారణంగా రెండు సీసాలు పెట్టాలి, ఒక్కొక్కటి ఒక పౌండు, అంటే 454 గ్రాములు పట్టే పొట్టి సీసా. రెండూ కవలల్లా ఉండాలి: గాజు రంగు, అడుగున అచ్చు గుర్తు, తేనె రంగు, నింపిన మట్టం అన్నీ సరిపోవాలి. అందుకని అనుభవజ్ఞులు కొట్టులో కొత్త సీసాల డబ్బా తెరిచి, ఒక్కొక్కటి వెలుతురుకు పెట్టి, గీత గాని బుడగ గాని లేని జతను ఏరుకుంటారు. మూత బంగారు రంగు లోహపు మూతే కావాలి, దానిమీద గీరుడు ఉండకూడదు, లోపల తుప్పు చుక్క ఉండకూడదు. సీసాను కంటికి ఎదురుగా పెడితే మూత అంచుకీ తేనె మట్టానికీ మధ్య వెలుతురు సందు కనిపించకూడదు. కనిపిస్తే తూకం తక్కువగా ఉందన్న అనుమానం వస్తుంది. కొనుక్కునేవాడు మోసపోకూడదన్నది ఆ నిబంధనలోని అసలు ఉద్దేశం.

తేనె సీసా కారులో ప్రయాణించి వస్తుంది కాబట్టి కుదుపులకు మూత లోపలి భాగానికి తేనె అంటుకుంటుంది. తలుపు దగ్గరే ఒకరిద్దరు కొత్త మూతలు జేబులోంచి తీసి, ఎవరూ చూడనట్టుగా పాతవి మార్చేస్తూ ఉంటారు. అందరూ చూస్తూనే ఉంటారు, అందరూ అదే పని చేస్తారు. పోటీ నిర్వాహకులు ఇచ్చిన చిన్న చీటీని అడుగు అంచు నుంచి చెప్పినంత ఎత్తులో సూటిగా అతికించాలి, అది తప్ప పేరు గాని ఊరు గాని సీసామీద ఉండకూడదు. బల్లమీద ఉన్నది ఎవరి తేనో న్యాయనిర్ణేతకు తెలియదు. చిన్న సంఘాల్లో ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ఉంటుందా అంటే, ఉండదు. అందుకే చాలా సంఘాలు పక్క జిల్లా నుంచి న్యాయనిర్ణేతను పిలిపిస్తాయి.

టార్చిలైటు వెలుగులో కనిపించేవాటి జాబితా నిరుత్సాహపరిచేదే. మైనపు పొడి, గుడ్డ పోగు, ఈగ వెంట్రుక, తెల్లటి నురుగు చారిక, అప్పుడే మొలుస్తున్న చక్కెర పలుకు, అన్నీ బయటపడతాయి. వీటిని తప్పించడానికి పెంపకందార్లు తేనెను సన్నటి నైలాను గుడ్డలో వడగట్టి, కొద్దిపాటి వెచ్చదనంలో రోజుల తరబడి కదలకుండా ఉంచి, పైకి తేలిన బుడగలను తీసేస్తారు. ప్లాస్టిక్ పొరను ఉపరితలంమీద మెల్లగా పరిచి ఒక్క ఊపులో లాగేసి నురుగంతా దానితోపాటు ఎత్తేసేవాళ్ళు ఉన్నారు. ఏ గుడ్డ, ఎంత వేడి, ఎన్ని రోజులు అని అడిగితే మాత్రం కొందరు పాత సభ్యులు వాతావరణం గురించి మాట్లాడడం మొదలుపెడతారు. ఈ విషయంలో మొహమాటం లేకుండా అన్నీ చెప్పేసే ఒకావిడ మా సంఘంలో ఉంది, ఏటా ఆవిడే గెలుస్తూ ఉంటుంది కూడా.

వేడి దగ్గరే అసలు పరీక్ష ఉంది. తేనెను ఎక్కువ వేడిచేస్తే బుడగలు, పలుకులు అన్నీ కరిగిపోయి అద్దంలా మెరుస్తుంది, కాని వాసన పోతుంది. చక్కెరలు వేడికి మారి పుట్టే హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. ఐరోపా నియమాల ప్రకారం అది కిలోకు 40 మిల్లీగ్రాములకు మించకూడదు, మనలాంటి ఉష్ణమండల దేశాల తేనెలకు మాత్రం 80 దాకా అనుమతి ఉంది. న్యాయనిర్ణేత దగ్గర ప్రయోగశాల లేదు, ముక్కు ఉంది. మూత విప్పిన మరుక్షణమే సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, ఎందుకంటే మూత కింద చిక్కుకున్న పరిమళం ఆ ఒక్కసారే పూర్తిగా తెలుస్తుంది. మెరుపు కోసం కాచిన తేనె అక్కడ దొరికిపోతుంది. చివరికి గాజు పుల్లతో కొద్దిగా తీసి నాలుక మీద పెట్టుకుంటాడు, ఒక్కొక్క తేనెకూ మధ్య నీళ్ళు తాగుతాడు, కొందరు ఆపిల్ ముక్క కొరుకుతారు. రుచి చూడడం చివరి వరసకు వాయిదా పడుతుందే తప్ప, లేకపోవడం మాత్రం లేదు. మొదటి రెండు మూడు స్థానాలను తేల్చేది తరచుగా అదే.

చిక్కదనం పరీక్ష మాత్రం మన పాఠకులకు వెంటనే నచ్చుతుంది. ఈగలు మకరందంలోని నీటిని రెక్కలతో విసిరి ఇగిరించి, తేనె పక్వానికి వచ్చాక అరకు మైనపు మూత వేస్తాయి. మూత వేయని పట్టును తొందరపడి తీస్తే తేనె పలచగా ఉండి పులిసిపోతుంది. నీరు 20 శాతానికి మించకూడదని బ్రిటిష్ చట్టం చెబుతుంది, హీథర్ అనే కొండపొద తేనెకు 23 శాతం వరకు సడలింపు ఉంది. సీసా తిప్పినప్పుడు బుడగ బద్ధకంగా లేచిందంటే పెంపకందారు ఓపిక పట్టాడని అర్థం.

రంగును బట్టి లేత, మధ్యస్థ, ముదురు అని మూడు విభాగాలుంటాయి. ఏది ఏ విభాగమో తేల్చడానికి రెండు రంగు గాజు పలకలు ఉంటాయి, తేనె సీసాను వాటి పక్కన పెట్టి చూస్తారు. తప్పు విభాగంలో పెట్టిన సీసా ఎంత మంచిదైనా బయటికే. ఇక్కడ నాకు ఎప్పుడూ ముచ్చటగొలిపేది హిమాలయన్ బాల్సం అనే గులాబి పువ్వు. ఈ మొక్కను 1839లో హిమాలయాల నుంచి అందం కోసం ఇక్కడికి తెచ్చారు. ఇప్పుడది ఏటిగట్లన్నిటినీ ఆక్రమించి కలుపు మొక్కల జాబితాలో చేరింది. పర్యావరణంవాళ్ళు దాన్ని పీకడానికి స్వచ్ఛంద సేవకులను పోగుచేస్తారు, తేనెటీగలవాళ్ళు ఆ పిలుపు విననట్టు నటిస్తారు. ఆగస్టు దాటి మిగతా పువ్వులు వాడిపోయాక కూడా అది పూస్తూనే ఉంటుంది. దానిలో దూరి వచ్చిన ఈగ వీపంతా తెల్లటి పుప్పొడితో విబూది పూసుకున్నట్టు తిరిగి వస్తుంది. ఆ తేనె లేత రంగు విభాగంలో చాలాసార్లు బల్లకెక్కుతుంది.

లిండెన్ చెట్ల తేనెలో లేత పచ్చదనం, ముళ్ళపొదల బ్లాక్‌బెర్రీ తేనెలో మధ్యస్థపు రంగు ఉంటాయి. ఐవీ తీగ తేనె మాత్రం పట్టులోనే రాయిలా బిగుసుకుపోయి తీయడానికి కష్టమవుతుంది. ఆవ జాతికే చెందిన ఆయిల్‌సీడ్ రేప్ పంట పసుపు పువ్వులతో మే నెలంతా పొలాలను కప్పేస్తుంది. అందులో గ్లూకోజు ఎక్కువ కాబట్టి తేనె కొన్ని వారాల్లోనే పేరుకుపోతుంది. ఆలస్యం చేస్తే చట్రంలోనే గడ్డకట్టి యంత్రానికి లొంగదు.

ఈ పేరుకోవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన ఇళ్ళలో తేనె పేరుకుంటే అది పంచదార పాకం కలిపిన దొంగ తేనె అనే నిర్ణయానికి వెంటనే వచ్చేస్తారు. నీళ్ళ గ్లాసులో చుక్క వేసి చూడడం, అగ్గిపుల్లకు పూసి గీయడం, కుక్క ముందు పెట్టడం లాంటి పరీక్షలు తరతరాలుగా ఉన్నాయి, వాటిలో నమ్మదగినది ఒక్కటీ లేదు. పేరుకున్న తేనెకు ఇక్కడ ప్రత్యేక విభాగం ఉందని, దానికి మొదటి బహుమతి ఇస్తారని ఫోనులో చెబితే మా పెద్దమ్మ, “ఒరే, ఆ దొరలను కూడా మోసం చేసేస్తున్నారేమో చూసుకో” అంది. నిజానికి స్వచ్ఛమైన తేనెల్లో చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు పేరుకుంటాయి. ఎంత త్వరగా అన్నది గ్లూకోజు పాళ్ళమీదా, చలిమీదా ఆధారపడి ఉంటుంది. సహజంగా పేరుకున్న తేనె విభాగంలో సీసాను వంచినా తేనె కదలకూడదు, పలుకు సన్నగా, అంతటా ఒకే తీరుగా ఉండాలి, గాజు భుజాల దగ్గర తెల్లటి మంచు మరకలు లేకపోతే ఇంకా మంచిది.

దీనికి పక్కనే మెత్తగా పేరుకున్న తేనె విభాగం ఉంటుంది, అది పూర్తిగా మనిషి నేర్పు. కరిగించిన తేనెలో పదో వంతు సన్నటి పలుకున్న పాత తేనెను, పాలకు తోడు వేసే పద్ధతిలోనే కలిపి, దాదాపు 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే పలుకులన్నీ తోడు తేనె పోలికే తెచ్చుకుంటాయి. నాలుకమీద ఇసుక తగలదు, వెన్నలా కరుగుతుంది. ఎల్టన్ డైస్ అనే కెనడా శాస్త్రవేత్త 1930లలో ఈ పద్ధతిని శాస్త్రబద్ధం చేశాడు. మా సంఘంలో పాతికేళ్ళుగా ఒకే తోడును పిల్లలకు పిల్లలుగా కాపాడుకొస్తున్న కుటుంబం ఉంది, ఆ సీసాను వాళ్ళు ఎవరికీ అరువివ్వరు.

హీథర్ తేనెది మరో లోకం. ఆగస్టులో కొందరు పెట్టెలను బండ్లకెక్కించి ఉత్తరాది ఊదారంగు కొండ మైదానాలకు తీసుకుపోతారు. లింగ్ అనే హీథర్ రకం నుంచి వచ్చే తేనె జిగురులా నిలబడిపోతుంది. కదిపితే పలచబడి, వదిలేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది. అది యంత్రంలో తిరగదు కాబట్టి పట్టును పిండక తప్పదు, అందుకే లోపల గాలిబుడగలు చిక్కుకుపోయి ఉంటాయి. ఏ నురుగు, ఏ బుడగ పక్క బల్లమీద తేనెను ఓడిస్తుందో, అదే బుడగ ఇక్కడ అసలైన హీథర్ తేనె అనడానికి గుర్తు. మిగతా విభాగాల గురించి క్లుప్తంగా చెప్పేస్తాను: మైనపు దిమ్మలు, కొవ్వొత్తులు, తేనెతో పులియబెట్టిన మీడ్ అనే మద్యం, కోసిన పట్టు ముక్కలు, నిండా మూతలు వేసిన చట్రాలు. తేనె కేకు పోటీలో అందరికీ ఒకే కొలతల వంటకం ఇస్తారు, ఒక్క చెంచా కూడా మార్చకూడదు. అయినా ఏ రెండు కేకులూ ఒకేలా రావు.

1920లలో మొదలైన నేషనల్ హనీ షో ఇప్పుడు ఏటా అక్టోబరు చివర్లో సర్రీలోని ఈషర్ దగ్గర సాండౌన్ పార్కు గుర్రప్పందేల ప్రాంగణంలో జరుగుతుంది. మూడు రోజులు ఒక పక్క ఉపన్యాసాలు, ఇంకో పక్క పరికరాల అంగళ్ళు, మధ్యలో వరసలు వరసలుగా సీసాలు. దీపాల వెలుగులో ఆ వరసలు చూడడానికి ఎంత బాగుంటాయో, వాటిలో ఒక్కటి కూడా రుచి చూడనివ్వకపోవడం అంత బాధగా ఉంటుంది.

ఇప్పుడు నా అభ్యంతరం. ఇటలీలో తేనె పోటీ నడిచే తీరు వేరు. అక్కడ ఇంద్రియ పరీక్షలో శిక్షణ పొందిన రుచి నిపుణులకు జాతీయ స్థాయిలో జాబితా ఉంది. బొలోన్యా దగ్గరి కాస్టెల్ శాన్ పియెట్రో తెర్మే అనే ఊరికి దేశమంతటి నుంచి తేనెలు వస్తాయి, మెచ్చినవాటికి ఒకటి, రెండు, మూడు బంగారు చుక్కలు ఇస్తారు. అకేషియా తేనె అకేషియా లాగే ఉందా, చెస్ట్‌నట్ తేనెలోని చేదు పొందిగ్గా ఉందా అన్నది అక్కడి చర్చ. ఇంగ్లీషు పోటీలో అలాంటి చర్చకు చోటే లేదు. లేత రంగు విభాగంలో రేప్, క్లోవర్, బాల్సం అన్నీ ఒకే వరసలో కూర్చుంటాయి, వాటిలో ఏది ఎక్కువ రుచి అన్నది చివరికి ఒక మనిషి అభిరుచి.

మన నల్లమల తేనెను ఇక్కడి బల్లమీద పెడితే ఏమవుతుందో నేను చాలాసార్లు ఆలోచించాను. చెంచులు కొండ అంచుల నుంచి తాళ్ళమీద దిగి తెచ్చే కొండ తేనె పెట్టెలో పెంచినది కాదు. అందులో పుప్పొడి ఎక్కువ, నీరు ఎక్కువ, పైన నురుగు కడుతుంది. మొదటి టార్చి వెలుగుకే అది పక్కకు పోతుంది. పరిమళం, కారం తగిలే ఆ ఘాటు, అడవి మొత్తాన్ని నాలుకమీదికి తెచ్చే ఆ గుణం అక్కడ లెక్కకు రావు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ అడవి తేనెను కొని, శుద్ధి చేసి అమ్ముతోంది. అలాంటి తేనెకు పోటీ పెట్టాలంటే ఇంగ్లండు నిబంధనలు పనికిరావు. పిల్లపురుగుల గదులున్న భాగాన్ని వదిలేసి తేనె భాగాన్ని మాత్రమే కోశారా, పట్టును పిండకుండా కారనిచ్చారా అని అడిగే నిబంధనలు కావాలి. మనిషి చేయి ఏమి చేసిందన్న అదే ప్రశ్నను అక్కడి పనికి తగ్గట్టుగా వేయాలన్నమాట.

పోటీలో చూడలేనిది ఒకటుంది, అది కల్తీ. 2020 డిసెంబరులో మన దేశంలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పర్యావరణ సంస్థ 13 బ్రాండ్ల తేనెలను పరీక్షిస్తే, కల్తీ పాకాన్ని పట్టడానికి జర్మనీ ప్రయోగశాలలో చేసిన ఎన్.ఎం.ఆర్. అనే పరీక్షలో 10 నిలబడలేదు. 2023లో ఐరోపా సమాఖ్య సరిహద్దుల్లో సేకరించిన 320 దిగుమతి నమూనాల్లో 147 అనుమానాస్పదమని తేలింది. ఈ దెబ్బ చివరికి పోటీలకూ తగిలింది. ప్రపంచ తేనెటీగల పెంపకందార్ల సమాఖ్య అపిమోండియా, 2025లో కోపెన్‌హేగెన్‌లో జరిగిన తన మహాసభలో తేనెకు బహుమతులే ఉండవని ప్రకటించింది. ప్రతి నమూనాలోనూ కల్తీ లేదని తేల్చడం తమవల్ల కాదన్నది కారణం. తేనెటీగలవాళ్ళ ప్రపంచ పోటీలో తేనెకు స్థానం లేకపోవడం ఎంత విడ్డూరమో చెప్పనక్కరలేదు.

మా ఊరి పోటీకి ఆ బెడద లేకపోవడానికి కారణం మా నిబంధనల గొప్పతనం కాదు. ఎవరి పెట్టెలు ఎక్కడున్నాయో, ఈ ఏడాది వాటి బలం ఎంతో, ఎవరు యంత్రాన్ని ఏ వారంలో అరువు తీసుకున్నారో సంఘంలో అందరికీ తెలుసు. జులైలో పెట్టెలు ఖాళీగా ఉన్నాయని దిగులుపడ్డ మనిషి సెప్టెంబరులో డజను సీసాలు తెస్తే ఎవరూ ఏమీ అనకపోయినా అందరూ చూస్తారు. ప్రయోగశాల చేయలేని పనిని ఆ ఇరుగుపొరుగు చూపు చేస్తోంది. నలభై దేశాల నుంచి సీసాలు వచ్చే చోట ఆ చూపు ఎవరికీ ఉండదు. అభిరుచితో పెంచుకునేవాళ్ళ చిన్న సంఘాల పోటీలు నిలబడి, పెద్ద పోటీ తడబడడానికి నా దృష్టిలో ఇదే కారణం.

బ్రిటన్‌లో ఉండి ఇందులో దిగాలనుకునే తెలుగువాళ్ళ కోసం కొన్ని మాటలు. చాలా సంఘాలు చలికాలంలో కొత్తవాళ్ళ తరగతులు మొదలుపెట్టి, ఏప్రిల్, మే నెలల్లో పెట్టెల దగ్గరకు తీసుకువెళ్తాయి. ఈగలను కొనడానికి ముందే చేరడం మంచిది, ఒక సీజనంతా వేరేవాళ్ళ పెట్టెల్లో చేతులు పెట్టి చూశాక కొనడం ఇంకా మంచిది. పోటీకి మాత్రం మొదటి ఏడాదే ఒక జత సీసాలు పెట్టండి. ఇంతవరకు బహుమతి రాని వాళ్ళకోసం చాలాచోట్ల విడిగా ఒక విభాగం ఉంటుంది. ముందుగా నిబంధనల పుస్తకం చదవండి. సీసా ఆకారమో చీటీ ఎత్తో తప్పితే, “నిబంధనల ప్రకారం లేదు” అని రాసి పక్కన పెట్టేస్తారు, తేనె వాసన చూసే దాకా కూడా రారు. తీర్పు అయిపోయాక వెంటనే ఇంటికి వెళ్ళిపోకండి. న్యాయనిర్ణేత చాలాసార్లు బల్ల దగ్గరే ఉండి, ఓడిన సీసాలను ఒక్కొక్కటే ఎత్తి, ఎక్కడ ఓడాయో చెబుతాడు. టార్చి అడిగి తీసుకుని మీ సీసా మీరే చూసుకోవచ్చు.